నిన్న వంట ఎవరు చేశారు?

నారాయణఖేడ్‌లో స్వరూపరాణి ఎవరంటే ఎవరికీ తెలియదు. సర్వే స్వరూప అంటే మాత్రం బస్ డిపో ముందు చాయ్ అమ్మేవాడి దగ్గర్నుంచి కంగ్టి అవతల కర్ణాటక అంచు దాకా అందరికీ తెలుసు. దోమతెరలు కట్టుకుంటున్నారా అని సర్కారుకు అనుమానం వచ్చినా, జనం ఏ సబ్బు రుద్దుకుంటున్నారో తెలుసుకోవాలని ఏ కంపెనీకి బుద్ధి పుట్టినా, చివరికి సంచీ భుజాన వేసుకుని గడప ముందు నిలబడేది ఆమే. ఇంటర్ దాకా చదివింది. టీచరు కావాలనుకుంది, కాలేదు. "టీచరైతే పిల్లగాండ్లను అడుగుదువు, ఇప్పుడు వాళ్ల అవ్వలను అడుగుతున్నవ్. తేడా ఏముంది?" అని ఆటపట్టిస్తాడు ఆమె భర్త పీటర్. ఆయనకు ఆటో ఉంది. సర్వే ఉన్న రోజుల్లో ఆ ఆటో కూడా సర్వేదే.

ఇన్నేళ్ల తిరుగుడులో ఆమెకు ఒకటి బాగా ఒంటబట్టింది: జనం చెప్పేదంతా నిజం కాదు, అట్లాగని అబద్ధమూ కాదు. ఒకసారి కల్హేర్ దిక్కు మరుగుదొడ్ల సర్వేకి పోతే ఇంటింటా "వాడుతున్నం" అన్నారు. తలుపు తీసి చూస్తే లోపల పత్తి బస్తాలు. ఇంటికొచ్చిన మనిషి మొహం చిన్నబోతుందేమోనని చెప్పే అబద్ధాలవి. మర్యాద ఎక్కువైన చోట సర్వే నవ్వులపాలు కావలసిందే. అట్లాగే ఇంకోటి కూడా చూసింది. ఒక తండాలో ఆడవాళ్లు నీళ్లకోసం కోసుల దూరం నడుస్తున్నామని ఏళ్ల తరబడి మొత్తుకుంటే ఏ ఆఫీసూ వినలేదు. ఇంటింటి నడకనూ అంకెగా మార్చి ముందు పెట్టేసరికి బోరు దిగింది. నోరు చెప్తే వినని వాళ్లు అంకె చెప్తే వింటారని ఆ రోజు ఆమెకు గట్టి నమ్మకం కలిగింది. ఆ నమ్మకంతోనే ఎండనకా వాననకా తిరుగుతూ వచ్చింది.

ఈసారి వచ్చిన సర్వే వేరు. ఇంట్లో మగవాడి చేతి దెబ్బల గురించి ఆడవాళ్లను అడగాలి. శిక్షణ ఇచ్చిన మేడం మొదటి రోజే కచ్చితంగా చెప్పింది. అడిగేటప్పుడు ఆ మనిషి ఒంటరిగా ఉండాలి. అత్త ఉన్నా వద్దు, ఆడబిడ్డ ఉన్నా వద్దు. ఏం అడిగారో మొగుడికి తెలిస్తే సర్వే వాళ్లు వెళ్లాక తన్నులు తినేది ఆమే. అందుకని ఇద్దరిద్దరుగా పంపుతారు. ఒకరు కోడలితో లోపల కూర్చుంటే, ఇంకొకరు అత్తను బయట కూర్చోబెట్టి పంటల కబుర్లు అడుగుతారు. ఊరికి మాత్రం ఇది తిండి సర్వే అని చెప్పాలి. మధ్యలో ఎవరైనా వస్తే ట్యాబ్ మీద ఒక మూల నొక్కాలి. అసలు ప్రశ్నలు పోయి తిండి ప్రశ్నలు వస్తాయి. అవి ఉత్తుత్తి ప్రశ్నలు, వాటికి ఏం జవాబు నొక్కినా ట్యాబ్ దాచుకోదు.

"మేడం, భయపడి లేదంటే?" అని స్వరూపరాణి అడిగింది.

"అంటారు. చాలామంది అంటారు. అందుకే మన అంకె ఎప్పుడూ నిజం కంటే తక్కువే ఉంటుంది. ఆ తక్కువ అంకె కూడా లేకపోతే అసలు కొట్టడమే లేదంటారు పైవాళ్లు."

ఆ మాట ఆమెకు నచ్చింది. ఆ తర్వాత చెప్పిన నియమమే గొంతులో ముల్లులా ఉండిపోయింది. విన్నది విన్నట్టు నొక్కాలి. సలహా చెప్పకూడదు, కలగజేసుకోకూడదు. సాయం దొరికే ఫోన్ నంబర్లున్న చిన్న కార్డు ఒకటి ఇచ్చి లేచి రావాలి, అంతే. "గీత దాటితే మళ్ల ఏ సర్వేల పేరుండది" అని సూపర్‌వైజరు మహిపాల్ విడిగా హెచ్చరించాడు. ఆమెకు వేరే పని రాదని అతనికి తెలుసు.

మొదటి ఊళ్లలో సర్వే బాగానే నడిచింది. ఈ ప్రశ్నలు తయారుచేసిన వాళ్లెవరో గాని బుర్రున్నవాళ్లే. "మీ ఇంట్లో హింస ఉందా" అని అడగరు. అట్లా అడిగితే ఏ ఆడదీ ఔననదు. చెంప మీద కొట్టాడా, జుట్టు పట్టి లాగాడా, కట్టెతో కొట్టాడా అని ఒక్కొక్కటే అడుగుతారు. "మా ఆయన మంచోడే" అని మొదలుపెట్టిన మనిషి జుట్టు దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయేది. కన్నతల్లికి చెప్పనిది ముక్కూమొహం తెలియని మనిషికి చెప్పేది. ఒకామె నవ్వుతూ చెప్పింది. ఆ నవ్వు తలుచుకుని స్వరూపరాణికి రెండు రోజులు అన్నం సయించలేదు.

కంగ్టి మండలంలో ఆ ఊరికి వెళ్లింది పత్తికి మందు కొట్టే రోజుల్లో. తోడు వచ్చింది ఆస్రా అనే అమ్మాయి. నారాయణఖేడ్‌లోనే ఉంటుంది. ఇంట్లో ఉర్దూ, బయట మనకంటే గడగడా తెలుగు. ట్యాబ్ లాటరీ తీసి చూపించిన ఇల్లు చర్చి వెనక సందులో ఉంది. పేరు గ్లోరీ. పెళ్లై ఎక్కువ కాలం కాలేదు. మొగుడు కాలేబు చేనుకు పోయాడు. అత్త సంగమ్మ గడపలో కూర్చుని మినుములు చెరుగుతున్నది.

"వందనాలు పెద్దమ్మా. తిండి సర్వే. ఇంట్ల ఏమేం వండుకుంటరో మీ కోడలిని అడగాలె."

"నన్నడుగరాదు? వండుడు నేర్పింది నేనే గదా."

"ఈ ట్యాబ్ డబ్బాల ఆమె పేరొచ్చింది. నిన్ను మా ఆస్రా అడుగుతది, పంటల గురించి."

సంగమ్మ చేట పక్కన పెట్టి ఇద్దరినీ పైనుంచి కింది దాకా చూసింది. ఆ చూపు స్వరూపరాణికి నచ్చలేదు. కోడలికి కావలి కూర్చున్న అత్తలను ఆమె చాలామందిని చూసింది.

లోపల గ్లోరీ చాప మీద కూర్చుంది. ఉక్కగా ఉంది, అయినా కొంగు భుజం నిండా కప్పుకుని కుడిచెయ్యి దాచుకుంది. స్వరూపరాణి గొంతు తగ్గించి అడగడం మొదలుపెట్టింది. మంచినీళ్లు అడిగితే ఎడమ చేత్తో ఇచ్చింది. మన ఇళ్లలో వచ్చిన మనిషికి ఎడమ చేత్తో నీళ్లివ్వరు. ఆ పిల్లకూ ఆ సంగతి తెలుసు, అందుకే తల దించుకుంది.

"చెంప మీద కొట్టిండా ఎప్పుడన్నా?"

"లేదక్కా."

"జుట్టు పట్టి గుంజిండా?"

"లేదు."

"కట్టెతోటి గాని, ఇంకేదన్న వస్తువుతోటి గాని..."

గ్లోరీ గోడవైపు చూసింది. అవతల ఆస్రా కందుల గురించి అడుగుతున్నది. సంగమ్మ గొంతు మాత్రం వినిపించడం లేదు. గోడలకు చెవులుంటాయంటారు, ఆ ఇంట్లో ఆ మాట నిజంగానే నిజం.

"మంచిగనే సూస్కుంటడక్కా. గట్లేం లేదు."

స్వరూపరాణి "లేదు" నొక్కింది. ప్రతి ప్రశ్నకూ "లేదు" నొక్కుకుంటూ పోయింది. కొంగు కింద ఉబ్బిన మణికట్టు ఆమెకు కనపడుతూనే ఉంది. కళ్లతో చూసింది నొక్కడానికి ట్యాబ్‌లో చోటు లేదు, చెవులతో విన్నదానికే ఉంది. ఆమెకు ఒళ్లు మండింది. ఎవరి మీదో తేల్చుకోలేక ఆ మంటను తనే మింగింది. చివర్లో నంబర్ల కార్డు తీసి చాప మీద జరిపితే గ్లోరీ భయంగా వెనక్కి నెట్టింది.

"వద్దు. దొరికితే సంపుతడు."

ఆ మాట నోరు జారి వచ్చిందే. ట్యాబ్‌లో దానికీ చోటు లేదు.

అప్పుడే బయట బండి ఆగిన చప్పుడైంది. ఆస్రా కావాలనే గట్టిగా "నమస్తే భయ్యా!" అంది. అది హెచ్చరిక. స్వరూపరాణి ట్యాబ్ మూల నొక్కింది, కార్డును తన చీర కుచ్చిళ్ల కిందికి నెట్టేసింది. కాలేబు మందు కొట్టే పంపు గడపలో దించి లోపలికి వచ్చాడు. పంపు చెడిపోయి మధ్యలో వచ్చేశాడు. మందు వాసన ఇల్లంతా కమ్మింది.

"ఏం సర్వే ఇది?"

"తిండి సర్వే తమ్మీ."

"తిండిదా? మొగోళ్లు కొట్టుడు గురించి అడుగుతున్నరని నల్లా కాడ అనుకుంటున్నరంట గదా!"

అంటే ఏ ఊళ్లోనో ఒకామె మాట జారింది, అది నీళ్లు పట్టుకునే నల్లా దగ్గర మొదలై ఊరూరా పాకింది. గ్లోరీ కొంగును కుడిచేతి మీదికి ఇంకా లాక్కుంది. ఇక్కడ తన మొహం ఏ మాత్రం మారినా ఆ పిల్ల మీద ఏం విరుచుకుపడుతుందో స్వరూపరాణికి తెలుసు. ఆమె నవ్వు తెచ్చిపెట్టుకుని ట్యాబ్ అతని వైపు తిప్పింది. "సూడు తమ్మీ, నువ్వే సదువుకో. ఆకుకూర ఎన్నిసార్లు, గుడ్డు ఎన్నిసార్లు. గింతే."

కాలేబు చదివాడు. నమ్మినట్టూ లేదు, నమ్మనట్టూ లేదు. పీట లాక్కుని భార్యకు ఎదురుగా కూర్చున్నాడు. "అయితే అడుగు. నా ముంగట్నే అడుగు."

అడిగింది. పప్పు ఎన్నిసార్లు, పాలు ఎవరు తాగుతారు, మాంసం ఎప్పుడు. గ్లోరీ మొగుడి మొహం చూసుకుంటూ ముక్కలు ముక్కలుగా చెప్పింది. సంగమ్మ కూడా వచ్చి గుమ్మానికి ఆనుకుని నిలబడింది. ఇక లేచిపోదామని స్వరూపరాణి తొందరగా తర్వాతి ప్రశ్న చదివింది.

"నిన్న వంట ఎవలు చేసిన్రు?"

"నేనే," అంది గ్లోరీ.

"నువ్వేడ జేసినవే?" గుమ్మం దగ్గర్నుంచి సంగమ్మ అంది. "రెండు చేతులుంటెనే గదా జొన్నరొట్టె అయ్యేది? నీ చెయ్యి లేస్తనే లేదాయె. మొన్నటి సంది పొయ్యి నేనే అంటిస్తున్న. రొట్టెలు నేనే చేస్తున్న."

కాలేబు తల్లి వైపు కొరకొరా చూశాడు. ముసలిదాని నోటికి అదుపు లేదు, ఇప్పుడు ఈ పిల్ల గతేం కాను అని స్వరూపరాణి లోలోపల సంగమ్మను తిట్టుకుంది.

"బాయికాడ జారిపడ్డది," అన్నాడు కాలేబు. "పసరు కట్టినం, తగ్గుతది."

అసలు ప్రశ్నలన్నింటికీ అబద్ధం వచ్చింది, అవన్నీ భద్రంగా ఉన్నాయి. ఉత్తుత్తి ప్రశ్నకు నిజం వచ్చింది, అదే ఉండదు. ఇది తలుచుకునే సరికి స్వరూపరాణికి మహిపాల్ పెట్టిన భయం కూడా ఎటో పోయింది. విరిగిన చెయ్యి పసరుకు అతుక్కోదు. అతుక్కున్నా వంకర అతుకే. ఆ పిల్ల బతుకంతా ఒంటిచేత్తో ఈ ఇంట్లోనే పడి ఉండాలి.

"అట్లనా?" అని ఆమె ట్యాబ్ ముందు తల పట్టుకుంది. "ఇగ పరేషానే తమ్మీ. తిండి సర్వేల ఆఖరికి జబ్బ కొలవాలె, రక్తం సూడాలె. చెయ్యి వాచి ఉంటే లెక్క తప్పొస్తది. గట్లాంటోళ్లను ఖేడ్ దవాఖానకు తోల్కపొయ్యి డాక్టర్‌తోటి సూపియ్యాలె."

"అవసరం లేదు. ఇంకో ఇల్లు సూస్కో."

"డబ్బాల పేరు పడ్డంక మార్చనీకి రాదు. నేను ఊకున్నా రేపు జీపేసుకొని సార్లే మీ ఇంటికొస్తరు. ఎందుకు రాలేదని నిన్నే అడుగుతరు. నాకేంది?"

ఇన్నేళ్లలో జనం తనకు ఎన్నో అబద్ధాలు చెప్పారు. సర్వే పేరు మీద తను అబద్ధం చెప్పడం మాత్రం ఇదే మొదలు. కాలేబు ట్యాబ్ వంక చూశాడు. పెళ్లాం మాటకు, తల్లి మాటకు లొంగని మనిషి ఆ చిన్న డబ్బాకు జంకాడు. సార్లు, జీపు అనేసరికి అతని కోపంలో భయం కలిసింది.

"నేను పోత దానెంబడి," అంది సంగమ్మ. "నువ్వు పంపు బాగు చేయించుకో. పత్తికి పురుగు పడతాంది."

కాలేబు చెడిపోయిన పంపు వైపు చూశాడు. చివరికి తల్లితో అన్నాడు, "దాని పక్కనుంచి కదలకు. ఎవ్వలతోటి ఏం మాట్లాడుతదో సూడు. జల్దీ రావాలె."

దానికి సంగమ్మ తల ఊపింది. స్వరూపరాణి అనుకున్నది అడ్డం తిరిగింది. దవాఖాన దాకా తీసుకుపోయినా కావలి వెంటే వస్తుంది. కొడుకు చెప్పినట్టే పక్కన కూర్చుని ప్రతి మాటా మూటగట్టుకుపోతుంది.

సందు మొదట్లో ఆగి ఉన్న పీటర్ ఆటో తిప్పాడు. వెనక సీట్లో సంగమ్మ మధ్యలో, అటు గ్లోరీ, ఇటు ఆస్రా. స్వరూపరాణి పీటర్ పక్కన ఇరుక్కుని అద్దంలో సంగమ్మను చూస్తూ వచ్చింది. దారిలో గుంత వచ్చినప్పుడల్లా గ్లోరీ పళ్ల సందుల్లోంచి మూలిగేది. ముసలమ్మ ఒక్కసారి కూడా "నొస్తున్నదా" అని అడగలేదు. ఒక చోట మాత్రం "మెల్లగ నడుపు బిడ్డా" అని పీటర్‌తో అంది. వెనక ఏ బండి చప్పుడు వినబడినా స్వరూపరాణి తల తిప్పి చూసేది, కాలేబు మనసు మార్చుకుని వస్తున్నాడేమోనని.

దవాఖాన వరండాలో వంతు కోసం కూర్చున్నప్పుడు మహిపాల్ ఫోన్ చేశాడు.

"స్వరూపా, ఇయ్యాల నువ్వు పంపినవి సూసిన. అన్నీ నీట్‌గ ఉన్నయి. ఆ చర్చి సందుల ఇల్లయితే ఏ తకరారు లేకుంట పూర్తయింది."

"ఔ సార్," అని ఫోన్ పెట్టేసింది. ఆ నీట్‌గా ఉన్న మనిషి పక్కన బెంచీ మీద నొప్పికి కళ్లు మూసుకుని ఉంది. స్వరూపరాణికి సిగ్గేసింది.

డాక్టరు చిన్న వయసు అమ్మాయి. కొంగు తీసి చెయ్యి చూసింది. మణికట్టు మీద ముట్టుకోగానే గ్లోరీ గట్టిగా అరిచింది. ఎక్స్‌రేలో ఎముక విరిగి పక్కకు జరిగి ఉంది. జబ్బ మీద పాత దెబ్బలు పచ్చగా, కొత్తవి నల్లగా కనబడ్డాయి. డాక్టరు కుర్చీ దగ్గరికి లాక్కుంది.

"ఇది ఎట్లా అయిందమ్మా?"

ఇక్కడ మొగుడు లేడు. అడుగుతున్నది డాక్టరు. ఇప్పుడైనా చెప్తుందేమోనని స్వరూపరాణి ఆశపడింది. కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందని ఆడపిల్లలకు పాలతో పాటు తాగించి పెంచుతాం. ఆ పెంపకం ఒక్క పూటలో పోతుందా?

గ్లోరీ అత్త మొహం చూసింది. "బాయికాడ జారిపడ్డ," అంది.

డాక్టరు నిట్టూర్చి కలం అందుకుంది.

"గట్ల రాయకు డాక్టరమ్మా." సంగమ్మ లేచి నిలబడింది. "పిల్ల జారిపడలే. నా కొడుకు కొట్టిండు. కట్టెతోటి. నేను ఆడనే ఉన్న, సూసిన."

"అత్తా!" అని గ్లోరీ ఎడమ చేత్తో ఆమె కొంగు పట్టుకుని లాగింది. "అత్తా వద్దు, నీ కాళ్లు మొక్కుత..."

డాక్టరు కలం ఆపింది. "అమ్మా, మీరు చెప్పేది రాస్తే పోలీసులకు కబురు పంపాలి. మీ అబ్బాయి మీద కేసవుతుంది. తెలిసే చెప్తున్నారా?"

సంగమ్మ తన కొంగు లాగుతున్న కోడలి చేతిని పట్టుకుంది. వంట ప్రశ్నకు ముసలమ్మ నోరు జారలేదనీ, తెలిసే అన్నదనీ, ఇంట్లో తను తిట్టుకున్నదంతా తప్పనీ స్వరూపరాణికి అప్పుడు అర్థమైంది. ఇన్ని ఊళ్లు తిరిగి, ఇన్ని ఇళ్లలో అత్తలను ఉపాయంగా బయట కూర్చోబెట్టి, వాళ్లను అడగాలని మాత్రం ఎవరికీ తోచలేదు.

"ఈ పిల్లను అడిగితే చెప్పది. నేను గూడ చెప్పకపోతుంటి," అంది సంగమ్మ. "వీని నాయిన నన్ను కొట్టిన దినాలల్ల నేను గూడ బాయికాడ జారిపడ్డననే చెప్పిన. మా అత్త పక్కనే నిలవడ్డది. ఒక్క మాట అనలే."

డాక్టరు కాగితం దగ్గరికి తీసుకుని కొట్టినవాడి పేరు అడిగింది.

సంగమ్మ చెప్పింది. ఇంటిపేరుతో, తండ్రి పేరుతో సహా కొడుకు పేరు పూర్తిగా చెప్పింది.